బంగారయ్య లారీ నీలిపొగ

పొగ కక్కే లారీ షెడ్డుకొస్తే ఎవరైనా ముందు వెనక్కి వెళ్లి సైలెన్సరు చూస్తారు. సాలూరు గౌరీసు మేస్త్రి మాత్రం డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని టీ చెబుతాడు. ఈ అలవాటు శిష్యుడు సన్యాసిరావుకి మింగుడుపడేది కాదు. అతనేమీ కొత్తవాడు కాడు, చెయ్యి తిరిగిన పనివాడు. నల్లపొగంటే గాలి చాలకో డీజిలు ఎక్కువయ్యో, తెల్లపొగంటే మండని డీజిలో లోపలికి చేరిన నీళ్లో, నీలిపొగంటే ఆయిలు కాలిపోతున్నట్టే అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

“గురువుగోరూ, పొగ కళ్లెదుట కనిపిత్తంటే ఈ టీలూ కబుర్లూ దేనికండీ?”

గౌరీసు అప్పుడే గేటులోకి వస్తున్న పాత టర్బో లారీని చూపించి, “దీని సంగతి నువ్వే సూడు” అన్నాడు.

ఆ లారీ బంగారయ్యది. ఏళ్లతరబడి పరాయి బళ్లు తోలి తోలి, చివరికి సొంతం చేసుకున్న ఒకే ఒక్క బండి. వెనక నీలిపొగ దట్టంగా వస్తోంది. సన్యాసిరావు ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

“పిస్టను రింగులు అరిగిపోయినాయి మావా. ఇంజను దింపాల.”

బంగారయ్య ముఖం మాడిపోయింది. మిల్లుల నుంచి ఘాట్ మీది ఇటుక బట్టీలకు ఊక తోలే రోజులవి. ఇంజను దింపితే సీజనంతా బండి షెడ్డులోనే. మిల్లువాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. ఆపైన బండి అమ్ముకుని మళ్లీ పరాయి స్టీరింగు పట్టుకోవడమే.

“అది కాదు బాబూ, ఊక తోలుడు మొదలెట్టిన కాడ్నించీ...” అంటూ ఏదో చెప్పబోయాడు.

“నువ్వుండు మావా. పొగే సెప్తంది కదా!” అని సన్యాసిరావు ఇంజను లేపే గొలుసు తెమ్మని కేకేశాడు.

ఇంతలో గౌరీసు బంగారయ్య చేతిలో టీగ్లాసు పెట్టాడు. “ఎప్పుడొత్తాది పొగ?”

“ఆగినప్పుడు, ఘాట్ దిగినప్పుడు నీలంగా ఒత్తాది. ఎక్కినప్పుడు నల్లగా ఒత్తాదండి, బండి లాగదు.”

“మరి ఊక దుమ్ముకి ఏటి సేసినావు?”

బంగారయ్య ముఖం కాస్త వెలిగింది. బండిని తానెంత జాగ్రత్తగా చూసుకుంటాడో అడిగినవాడు ఇన్నాళ్లకు దొరికాడు మరి. గురువుని క్యాబిన్ వెనక్కి తీసుకెళ్లి, ఇంజనుకు గాలి వెళ్లే గొట్టం మూతి చూపించాడు. దానికి చీరముక్క మూడు మడతలు వేసి బిగించి కట్టి ఉంది. దానిమీద ఊకదుమ్ము రొట్టెలా అట్టకట్టింది.

“మా ఇంటిది పాత సీర ఇచ్చిందండి. దుమ్ము లోపలికి పోకుండా నానే కట్టినాను.”

గౌరీసు నవ్వలేదు, తిట్టలేదు. గుడ్డ విప్పాడు. గాలి పీల్చి ఇంజనులోకి తోసే టర్బో పైపు ఊడదీసి లోపల వేలు పెడితే ఆయిలు అంటుకుంది. టర్బో చక్రాన్ని కదిపి చూస్తే ఊగులాట లేదు. పైపు తుడిచి బిగించి, ఇంజను స్టార్టు చేయించి, ఆయిలు మూత తీసిన చోట అరచెయ్యి పెట్టాడు. రింగులు పోతే గాలి పైకి తన్నాలి. తన్నలేదు.

“టర్బోకి గాలి పీల్సడమే పని. గాలి దొరక్కపోతే పక్కనున్న ఆయిలు పీల్సేత్తాది. దుమ్ము ఆపడానికి లోపల ఫిల్టరుంది కదా” అన్నాడు.

లారీ మొదట గుప్పున నీలిపొగ కక్కింది. తన మాటే నెగ్గిందని సన్యాసిరావుకి ప్రాణం లేచొచ్చింది. సిగ్గుచేటే గానీ నిజం. కానీ అది లోపల మిగిలిన ఆయిలు. కాసేపటికి పొగ పలచబడి, ఆనవాలు లేకుండా పోయింది. బంగారయ్య సైలెన్సరు దగ్గర నిలబడి, పొగ లేని గాలిలో చెయ్యి పెట్టి తీస్తూ, మళ్లీ పెడుతూ, కళ్లు తుడుచుకున్నాడు.

లారీ గేటు దాటాక సన్యాసిరావు చేతిలో ఆ చీరముక్క మిగిలింది. తలెత్తకుండానే, “దీన్ని పారేసీమంటారా గురువుగోరూ?” అన్నాడు.

“ఉతికి దాసుకో” అన్నాడు గౌరీసు. “రేపు పొగ కక్కే బండి వత్తే, స్పానరు తీసే ముందు దీంతో సేతులు తుడుసుకో. తుడుసుకున్నంతసేపట్లో డ్రైవరు ఏదోటి సెప్తాడు.”