గుమ్మానికి జీడిపప్పు

దాలినాయుడికి మఠం మీద విసుగు పుట్టింది. పొద్దున్నే లేచి వాకిలి ఊడవాలి, బిందెలు మొయ్యాలి, భజనలో కూర్చోవాలి. జ్ఞానం మాట మాత్రం ఎవరూ ఎత్తరు. వాడు ఉద్దానం జీడితోటల మధ్య పుట్టినవాడు, తండ్రికి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. పప్పు తీసుకుని తొక్క అవతల పారెయ్యడం వాడికి చిన్నప్పటి అలవాటు.

ఒకరోజు సంచి సర్దుకుని గురువు కూర్మయ్య గారి ముందు నిలబడ్డాడు.

"గురువుగారూ, ఈ ఊడవడాలూ కడగడాలూ అంతా తొక్క. నాకు పప్పు ఒక్కటీ చెప్పండి. విని ఇంటికి పోతాను. చెప్పకపోయినా పోతాను."

కూర్మయ్య గారికి కోపం రాలేదు. "అలాగే. పోయేముందు చిన్న పనుంది, రా" అని పూజగది దగ్గరికి తీసుకెళ్ళారు.

గది గుమ్మం రంగుతో నిగనిగలాడుతోంది. ఆయన బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. చెద లోపలంతా తినేసింది. గోడ మూల నుంచి గుమ్మం దాకా మట్టి గీత కనిపిస్తూనే ఉంది. రోజూ అక్కడ చీపురు పట్టేది దాలినాయుడే. వాడి మొహం చిన్నబోయింది.

కొత్తగా చేయించిన మామిడిచెక్క గుమ్మం గోడకి ఆనించి ఉంది.

"దీన్నైనా కాపాడాలి. ఇదిగో, పూయి" అంటూ ఆయన ఒక గిన్నె అందించారు. నిండా జీడిపప్పు. దాలినాయుడి తండ్రి పంపించిందే.

దాలినాయుడికి నవ్వాగలేదు. "పప్పు పూస్తే చెదకి విందు పెట్టినట్టే, గురువుగారూ."

"మరేటి పూయాలి? ఫ్యాక్టరీ ఇంట్లో పుట్టినవాడివి, నీకే తెలవాలి."

"తొక్క నూనె పూయాలండి. ఎక్కడ పారబొయ్యాలో తెలీక మా ఫ్యాక్టరీ వెనకాల తొక్కలు గుట్టలు పడుంటాయి. పిండితే నల్లటి నూనె దిగుతాది. చేతికంటితే పొక్కిపోద్ది. అందుకే చెద దాని జోలికి రాదు. చేపల వేటకెళ్ళే వాళ్ళు పడవలకి పూసేది అదే. అసలా తొక్కే లేకపోతే చెట్టు మీద పప్పైనా..."

అక్కడ ఆగిపోయాడు.

కూర్మయ్య గారు గిన్నెలోంచి ఒక పప్పు తీసి నోట్లో వేసుకున్నారు. తాపీగా నమిలారు.

"పప్పు చెప్పమన్నావు కదా నాయినా. చెప్తాను. దేంట్లో పెట్టి పట్టుకెళ్తావు?"

దాలినాయుడు సంచిలో బట్టలన్నీ చాప మీద కుమ్మరించాడు. ఖాళీ సంచి భుజాన వేసుకుని, తొక్కల కోసం ఫ్యాక్టరీ దారి పట్టాడు.