ఎనిమిదో కుర్చీ

కామేశం మాస్టారికి అడిగిన ప్రశ్నకు అడిగిన చోటనే జవాబు చెప్పే అలవాటు లేదు. వ్యాకరణంలో సందేహమైతే వెంటనే తీర్చేవారు. బతుకులో సందేహమైతే మాత్రం వక్కపలుకు నోట్లో వేసుకుని, "చూద్దాంలే" అనేవారు. ఆ చూడడానికి ఒక్కోసారి ఏడాది పట్టేది. పైడిరాజు అడిగినదానికి ఒక్క రోజే పట్టింది.

పైడిరాజు ఆయన దగ్గర అవధానం నేర్చుకుంటున్న శిష్యుడు. మా ఏటికి అవతలి ఒడ్డువాడు. పగలు ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు పాఠం, సాయంత్రం మాస్టారి ఇంట్లో ఛందస్సు, ఆ తరవాత ఫోనులో మీములు. మీము అంటే తెలియని నా ఈడువాళ్ళ కోసం చెబుతున్నాను: ఒక ఫోటో, దాని మీద రెండు ముక్కల వెటకారం, అంతే. మా రోజుల్లో ఇదే పని హాస్టలు గోడ మీద బొగ్గుతో చేసేవాళ్ళం. వార్డెనుగారు సున్నం కొట్టించేవారు, మేం మళ్ళీ రాసేవాళ్ళం. సున్నం కొట్టిన గోడ మీద బొగ్గు ఇంకా బాగా కనిపిస్తుందని ఆయనకు చివరిదాకా తట్టలేదు. సరే, అసలు సంగతికి వస్తాను.

ఏటి మీద వంతెన కడతామని మా మంత్రిగారు ప్రతి ఎన్నికకూ ఒక శంకుస్థాపన చేస్తారు. రాళ్ళు పెరిగాయి గాని వంతెన లేవలేదు. వానాకాలం అవతలి ఊళ్ళవాళ్ళకు నాటుపడవే గతి. పైడిరాజు ఒకరోజు ఉత్త ఏటిని ఫోటో తీసి, నీళ్ళ పైన గాలిలో ఎర్రగా సున్నా చుట్టి, బాణం గుర్తు వేసి, కింద ఇలా రాశాడు: "వంతెన ఎప్పుడో పూర్తయింది. శత్రుదేశాల ఉపగ్రహాల కంట పడకూడదని మంత్రిగారు దానికి కనపడని రంగు వేయించారు. నీడ కూడా పడకుండా ఎంత జాగ్రత్తపడ్డారో చూడండి. ఈ రహస్యం పదిమందికీ పంపండి."

జనం పంపారు. జిల్లా అంతా పంపారు. నవ్వినవాళ్ళు నవ్వారు. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ రంగు లీటరు ఎంతో చెప్పమని పురపాలక సంఘానికి ఒక పెద్దమనిషి దరఖాస్తు పెట్టుకున్నాడు. దాంతో మంత్రిగారి మనుషులు కాలేజీకి వచ్చారు. ఆదివారం సాయంత్రం సాహితీ సమితివారు పెట్టిన మాస్టారి అష్టావధానం ఉంది, మంత్రిగారు ముఖ్య అతిథి. ఆ సభలో, ఆ మైకులోనే, పైడిరాజు క్షమాపణ చెప్పుకోవాలి. చెప్పకపోతే సోమవారం నుంచి కాలేజీకి రానక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే వచ్చి మాస్టారి ముందు కూర్చున్నాడు.

"మాస్టారూ, నేను చేసింది తప్పేనా? క్షమాపణ చెప్పమంటారా?"

మాస్టారు వక్కపలుకు నోట్లో వేసుకున్నారు. ఇంతలో ఫోను మోగింది. అవతల సమితి కార్యదర్శి చంద్రమౌళి, గొంతు గదంతా వినిపిస్తోంది.

"మాస్టారూ, చిన్న మనవి. మంత్రిగారి మనసు బాగాలేదు. వెటకారం అంటేనే మండిపడుతున్నారు. ఇవాళ్టికి అప్రస్తుత ప్రసంగం ఒక్కటీ తీసేద్దాం. మిగతా ఏడూ ఉంటాయి కదా, లోటేం ఉండదు."

"అలాగే," అన్నారు మాస్టారు.

పైడిరాజు ముఖం వాడిపోయింది. ఆ అప్రస్తుత ప్రసంగం ఆ రోజు అతనిదే మరి. అవధానం చూడనివారికి ఒక్క మాట. వేదిక మీద ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుని అవధానిని ఎనిమిది రకాలుగా పరీక్షిస్తారు. ఏడుగురు పద్యాలు అడుగుతారు, లెక్కలు పెడతారు, అక్షరాలకు అడ్డం పడతారు. ఎనిమిదోవాడి పని అల్లరి. అవధాని పద్యపాదం మధ్యలో ఉండగా అడ్డు తగిలి, సందర్భం లేని కొంటె ప్రశ్న వేసి, ఆయన ధ్యాస చెడగొట్టాలి. అవధాని దానికి నవ్వుతూ జవాబు చెప్పి, విడిచిన పాదాన్ని విడిచిన చోటనుంచే అందుకోవాలి. సభకు వచ్చేవారిలో సగంమంది ఈ ఎనిమిదోవాడి కోసమే వస్తారు. పైకి ఒప్పుకోరు.

సాయంత్రం టౌన్‌హాలు నిండింది. నేను నాలుగో వరసలో ఉన్నాను. వేదిక మీద ఏడుగురు కూర్చున్నారు. ఎనిమిదో కుర్చీ కూడా వేయించమని మాస్టారు పట్టుబట్టారట, అది ఖాళీగా ఉంది. పైడిరాజు మొదటి వరస చివర, గోడ పక్కన కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియడం లేదు. మంత్రిగారి అనుచరుడు ఒకడు ఫోను పైకెత్తి సభనంతా నేరుగా జనానికి చూపిస్తున్నాడు. క్షమాపణ ఊరంతా చూడాలని వాడి తాపత్రయం.

మాస్టారు నల్లేరు మీద బండిలా సాగిపోయారు. సమస్య పూరించారు, వర్ణన చెప్పారు. అడ్డు లేదు, నవ్వు లేదు. మూడో వరసలో ఒకాయన గురక పెట్టాడు. పద్యాలన్నీ పూర్తయ్యాయి. ఇక వాటన్నిటినీ ఒక్కసారి గుర్తుచేసుకుని అప్పగించే ధారణ ఒక్కటే మిగిలింది. ఈలోగా మంత్రిగారు లేచారు, ఆయనకు ఇంకో ఊళ్ళో ఇంకో శంకుస్థాపన ఉంది.

"ఏం ఏకాగ్రత! ఏం నిబ్బరం! ఒక్కసారైనా తొట్రుపడలేదు," అంటూ శాలువా విప్పారు.

మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఈ శాలువా దేనికి బాబూ?"

"అదేమిటి మాస్టారూ, మీ నిబ్బరానికి."

"ఎవడైనా కదిలించబోయాడా, నేను కదలలేదని మీరు అనుకోవడానికి?" మాస్టారు ఖాళీ కుర్చీ వైపు చూపించారు. "అక్కడ కూర్చోవలసినవాణ్ణి కింద కూర్చోబెట్టారు. ఇప్పటిదాకా జరిగింది అవధానం కాదు. పద్యాలు చదువుకున్నానంతే, ఆ పని మా ఇంట్లోనూ చేసుకుంటాను. వాడు పైకి రాకుండా నేను ధారణ చెయ్యను, శాలువా కప్పుకోను."

చంద్రమౌళి చేతులు నలుపుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "మాస్టారుగోరు సెప్పింది నిజమేగదేటి! ఎనిమిది అన్నారు, ఏడే ఎట్టినారు!" అని అరిచారు. గురక పెట్టినాయన కూడా లేచి కూర్చున్నాడు.

మంత్రిగారు లోకం చూసిన మనిషి. చిరునవ్వు చెరగనివ్వలేదు. "ఆ కుర్రాడే కదా? ఎలాగూ వాడు మైకు దగ్గరికి రావలసినవాడే. రమ్మనండి. ముందు నాకు చెప్పాల్సిన మాట చెప్పి, తరవాత మీ కుర్చీలో కూర్చుంటాడు."

పైడిరాజు వేదిక ఎక్కాడు. అనుచరుడు ఫోను పట్టుకుని ముందుకు జరిగాడు. కాలేజీ ప్రిన్సిపాలు రెండో వరసలో కళ్ళజోడు సర్దుకున్నాడు. పైడిరాజు మంత్రిగారి వైపు చూశాడు, ప్రిన్సిపాలు వైపు చూశాడు. మాస్టారు మాత్రం అతని వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, ధారణకు సిద్ధమవుతున్నట్టుగా మొదటి పద్యం ఎత్తుకున్నారు. రెండో పాదం సగంలో ఉన్నారు.

పైడిరాజు మైకు అందుకున్నాడు. వచ్చి ఎనిమిదో కుర్చీలో కూర్చున్నాడు.

"అవధానిగారూ, ఆగండాగండి! నిన్న నేను మా ఏటి వంతెన మీద నడుస్తూ నీళ్ళల్లో పడిపోయానండి. తప్పు వంతెనదంటారా, నాదంటారా?"

మాస్టారు కళ్ళు తెరిచారు.

"తప్పు నీదే నాయనా. ఎన్నికకొక శంకుస్థాపన రాయి వేస్తున్నారు. ఆ రాళ్ళ మీద అడుగు వేసుకుంటూ దాటాలి గాని, రాయికీ రాయికీ మధ్య కాలు పెడితే మునగవూ? ఓపిక పట్టు. ఇంకో పది ఎన్నికలకు అవతలి గట్టు అందుతుంది."

హాలు విరగబడి నవ్వింది. ద్వారం దగ్గర కానిస్టేబుల్ టోపీ అడ్డం పెట్టుకుని నవ్వాడు. మంత్రిగారి గన్‌మాన్ నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. ఫోను పట్టుకున్న అనుచరుడి భుజాలు కూడా ఎగిరిపడుతున్నాయి, ప్రసారం ఆపాలన్న సంగతే మరిచాడు. పైడిరాజు మీము జిల్లా దాటలేదు. మంత్రిగారి మనిషి ఫోను నుంచి వెళ్ళిన ఈ నవ్వు తెల్లారేసరికి రాష్ట్రమంతా తిరిగింది.

మంత్రిగారు నవ్వలేదు. శాలువా కుర్చీ మీద పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి వెళ్ళిపోయారు. కారు తలుపు వేసిన చప్పుడు మా అందరికీ వినపడింది. ఆ చప్పుడు అణిగాక మాస్టారు, ఆగిన రెండో పాదం ఆగిన అక్షరం దగ్గర అందుకుని, పద్యాలన్నీ ఒక్క తప్పు లేకుండా అప్పగించారు. అంత హాయిగా ధారణ చెయ్యడం నేను అంతకుముందు చూడలేదు.

సభ ముగిశాక మెట్ల దగ్గర ప్రిన్సిపాలు పైడిరాజును పక్కకు పిలిచి, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. పైడిరాజు తల ఊపి వచ్చి, బజ్జీల బండి దగ్గర నిలబడ్డ మాస్టారిని కలుసుకున్నాడు. మాస్టారు ఒక బజ్జీ అతనికిచ్చి, ఒకటి తాను ఊదుకుంటూ తింటున్నారు. నేనూ పక్కనే ఉన్నాను.

"ఉద్యోగం పోయింది మాస్టారూ."

"విన్నాను."

"దానికి బాధ లేదనను. ఇంట్లో చెప్పాలి. కానీ పొద్దున నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు. అందరి ముందూ పిలిచారు, నేను క్షమాపణ చెప్పకుండానే దిగి వచ్చేశాను."

మాస్టారు చెయ్యి తుడుచుకున్నారు.

"చెప్పవలసినాయన చెప్పకుండానే కారెక్కాడు. నీకేం తొందర?"