కడియం మీద ఒంటికాలి పిట్ట

ఇలా రా, అమ్మలూ. ముందు ముక్కు తుడుచుకో. అంగట్లో చెక్కుడు గాజులు ఎర్రవి తీసుకోవాలో ఆకుపచ్చవి తీసుకోవాలో తేల్చుకోలేక, చివరికి ఏవీ వద్దని ఏడ్చి, అన్నం దగ్గర కూడా అలిగావు. రంగు కోసం నీకంటే ఎక్కువ ఏడ్చిన పిల్ల ఇంకొకతి ఉంది. దాని కథ చెబుతాను, విను. నా చేతి మీద తల పెట్టుకో. కడియం ఒత్తుకుంటే కాస్త జరుగు.

అనగనగా, నువ్వూ మీ అమ్మా పుట్టక ముందు, కంచరి వాళ్ళు కాపురముండే ఒక ఊరు ఉండేది. రాగిమెట్ట దాని పేరు. ఆ ఊళ్ళో పొద్దు పొడవక ముందే సుత్తుల చప్పుడు మొదలయ్యేది. చుట్టుపక్కల ఊళ్ళ బిందెలూ చెంబులూ కడియాలూ అన్నీ అక్కడ తయారైనవే.

ఆ ఊళ్ళో సోమలింగం అనే కంచరి ఉండేవాడు. అతని భార్య అచ్చమ్మ. సోమలింగం రాగి కడియాల మీద తీగలు దించడంలో గట్టివాడు. ముందు కడియమంతా తేనెమైనం పూసేవాడు. ఆ తర్వాత సూదితో మైనం మీద తీగా ఆకులూ గీసేవాడు. అప్పుడు దాన్ని ద్రావకం కుండలో వేసేవాడు. మైనం ఉన్నచోట ద్రావకం రాగిని ముట్టుకోదు. సూది గీసినచోట మాత్రం కొరికేస్తుంది. వంద లెక్కపెట్టి పైకి తీసి, మైనం కరిగిస్తే, తీగంతా రాగిలో దిగిపోయి ఉండేది. ఇక ఆ గీత చెరగమన్నా చెరగదు.

గీత అయ్యాక రంగు. ఆ ఊళ్ళో మూడే రంగులు. నిప్పుల్లో కాల్చి మరిగే నీళ్ళలో ముంచితే ఎరుపు. గంధకం పొగ పట్టిస్తే నలుపు. పుల్లటి కలినీళ్ళూ ఉప్పూ కలిపిన ఊకలో నెల రోజులు పాతిపెడితే ఆకుపచ్చ. ఏడో ఏడు వచ్చిన పిల్లలకి కడియం తొడిగేవాళ్ళు. రంగు మాత్రం ఆ పిల్లే చెప్పాలి. అమ్మ చెప్పకూడదు, నాన్న చెప్పకూడదు. చివరలు కలవని కడియం కాబట్టి, చెయ్యి పెరిగిన కొద్దీ వెడల్పు చేసుకుంటూ బతికినన్నాళ్ళూ తొడుక్కునేవాళ్ళు.

ఇంకొకటి కూడా ఉండేది. మనిషి పోతే, పదకొండో నాడు ఆ ఇంటి పెద్ద ఆ కడియాన్ని చింతపండు పెట్టి తోమాలి. రంగంతా పోయేదాకా తోమాలి. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏడో ఏడు వచ్చే పిల్లకి అదే కడియం. ఆ పిల్ల మళ్ళీ తన రంగు తాను చెప్పుకుంటుంది.

సోమలింగానికి కామాక్షి అని ఒక కూతురు. ఏడో ఏట ఆకుపచ్చ అడిగింది. అడిగినట్టే చేసి తొడిగాడు. తొమ్మిదో ఏట ఆ పిల్లకి జ్వరం వచ్చింది. మొదటి రోజు కషాయం తాగింది. రెండో రోజు మాట్లాడలేదు. మూడో రోజు పోయింది.

నిద్రొస్తోందా? రాలేదా. సరే, విను.

పదకొండో నాడు సోమలింగం చింతపండు నానబెట్టుకుని నూతి దగ్గర కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పొద్దు గూకాక లేచి, కడియాన్ని గుడ్డలో చుట్టి మైనం పెట్టెలో పెట్టేశాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో కామాక్షి పేరు ఎవరూ ఎత్తలేదు.

మరుసటి ఏడు వాళ్ళకి ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లని అందరూ బుల్లెమ్మ అని పిలిచేవాళ్ళు. తనకొక అక్క ఉండేదని బుల్లెమ్మకి వీధిలో పిల్లలు చెబితే తెలిసింది. ఇంట్లో అడిగితే అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది, నాయన సుత్తి తీసుకునేవాడు.

బుల్లెమ్మకి ఏడో ఏడు వచ్చింది. ఏ రంగో అది ఎప్పుడో అనుకుంది. ఎరుపు. నాయన అడుగుతాడు, చెబుదామని పొద్దున్నే తలంటుకుని కూర్చుంది. సోమలింగం అడగలేదు. పెట్టెలోంచి ఆ ఆకుపచ్చ కడియం తీసి, అలాగే దాని చేతికి తొడిగేశాడు. బుల్లెమ్మ ఆ చేత్తో మంచినీళ్ళకని వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది. అచ్చమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పి ఆ చెయ్యి చూసి, కామాక్షీ అంది. అప్పుడు బుల్లెమ్మ కడియం తీసేసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసి వచ్చింది.

ఆ తర్వాత సోమలింగం పిల్లని పిలిచి రంగు అడిగాడు. ఎరుపంది. ఎరుపంటే నిప్పుల్లో పెట్టాలి. నిప్పుల్లో పెడితే ఆకుపచ్చ కాలిపోతుంది. ఎరుపు తర్వాత చూద్దాం, ముందు నలుపు వేస్తానన్నాడు. అని ఏం చేశాడో తెలుసా? తోమకుండా, ఆ ఆకుపచ్చ మీదే గంధకం పొగ పట్టించాడు. కంచరింట్లో కొలిమి ఊదే పిల్లకి కూడా తెలుసు, తోమని రాగి మీద రంగు నిలవదని. ఊరందరికీ పని నేర్పినవాడు తానే ఆ తప్పు చేశాడు. మూడో రోజుకి నలుపంతా బుల్లెమ్మ పావడాకి అంటుకుంది. కింద నుంచి ఆకుపచ్చ మళ్ళీ పైకి వచ్చింది. కడియం మళ్ళీ పెట్టెలోకి పోయింది.

అప్పుడు ఇక లాభం లేదని కొత్త కడియం చేస్తానని కూర్చున్నాడు. మైనం పూశాడు, తీగ గీశాడు, ద్రావకంలో వేశాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. కామాక్షి పోయిన వయసు అది. ఎంతసేపు అలా ఉన్నాడో అతనికే తెలియదు. పైకి తీస్తే కడియం చేతిలో రెండు ముక్కలైంది. ద్రావకం గీతల్ని దాటి రాగినంతా తినేసింది.

బుల్లెమ్మకి కోపం రాలేదమ్మా, దుఃఖం వచ్చింది. వీధిలో పిల్లలందరి చేతులకీ వాళ్ళ వాళ్ళ రంగులున్నాయి. తన చెయ్యి పావడాలో దాచుకునేది. నాకు రంగు లేదు, నేను ఈ ఇంటి పిల్లనే కాదు కాబోలు అనుకుంది. ఏడేళ్ళ పిల్ల అలా అనుకోవడం ఎంత కష్టమో చూడు.

ఒకరోజు మధ్యాహ్నం అది వంటింట్లోంచి చింతపండు తీసుకుంది. పెట్టెలోంచి కడియం తీసుకుంది. నూతి దగ్గరకి వెళ్ళి, ఆనాడు వాళ్ళ నాయన కూర్చున్నచోటే కూర్చుంది. సోమలింగం చూసి పరుగెత్తుకొచ్చాడు. పిల్ల తోమలేదు. కడియం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నేను తోమితే అక్కకి కోపం వస్తుందేమో నాయనా. నువ్వు తోము. రంగే కదా పోయేది, గీత పోదు కదా."

"నా చేత కాదు తల్లీ," అన్నాడు సోమలింగం.

అప్పుడు బుల్లెమ్మ వాళ్ళ నాయన చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తోమారు. అచ్చమ్మ వచ్చి, చేద తీసుకుని నీళ్ళు పోసింది. పదేళ్ళ నాటి ఆకుపచ్చ, నూతి గట్టు మీద నుంచి కాలవలోకి పోయింది. కింద రాగి మెరిసింది. తీగ కనపడింది, ఆకులు కనపడ్డాయి. చివరి ఆకు కింద ఇంకోటి కూడా కనపడింది. ఒక పిట్ట. గోరంత పిట్ట, వంకర పిట్ట, దానికి ఒకటే కాలు.

సోమలింగం దాన్ని ఎండలోకి పట్టి చూశాడు. ఇది నేను గీసింది కాదన్నాడు.

అచ్చమ్మకి గుర్తొచ్చింది. ఆ కడియం చేసిన రోజు అతను ద్రావకం కుండ తేవడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఆ కాస్తలో కామాక్షి సూది పట్టుకుని మైనం మీద ఏదో గీకుతూ కనపడింది. ఏం చేస్తున్నావే అంటే, ఏమీ లేదమ్మా అంది. చివరి ఆకు కింద గోరంతే కాబట్టి అతను గమనించలేదు, ఆ తర్వాత ఆకుపచ్చ దట్టంగా పట్టి పిట్టని మూసేసింది. కూతురి గుర్తని అన్నేళ్ళు ఏ రంగుని చెరపకుండా దాచుకున్నాడో, ఆ రంగు కిందే ఆ పిల్ల గీత ఉండిపోయింది.

కామాక్షీ, నా తల్లీ అని సోమలింగం పేరు పెట్టి పిలిచి ఏడ్చాడు. ఎనిమిదేళ్ళ ఏడుపూ ఆ నూతి దగ్గర ఏడ్చాడు. అచ్చమ్మ కూడా ఏడ్చింది. బుల్లెమ్మ ఇద్దరి మధ్యా కూర్చుని ఉండిపోయింది. ఆ రోజు వాళ్ళు దానికి అక్క గురించి చెప్పారు. ఎలా నవ్వేదో, ఏం తినేదో, ఎలా పేచీ పెట్టేదో అన్నీ చెప్పారు.

ఆ తర్వాత సోమలింగం కడియమంతా మళ్ళీ మైనం పూసి, సూది బుల్లెమ్మ చేతికిచ్చాడు. అక్క పిట్ట పక్కన నీది నువ్వు గీసుకోమన్నాడు. దాని పిట్టకి ముక్కు పెద్దదైంది, తోక పెట్టడం మరిచిపోయింది. ద్రావకంలో వేశారు. అతను లెక్కపెట్టాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. మళ్ళీ అక్కడే ఆగాడు.

"పది," అంది బుల్లెమ్మ.

అప్పుడు ఇద్దరూ కలిసి వందదాకా లెక్కపెట్టారు.

తీసి మైనం కరిగించాక, ఏ రంగు తల్లీ అని సోమలింగం మళ్ళీ అడిగాడు. ఎరుపే అంది. నిప్పుల్లో పెట్టి, మరిగే నీళ్ళలో ముంచి తీశాడు. రెండు పిట్టలూ తీగా అన్నీ మందారమంత ఎర్రగా వచ్చాయి.

లేచి నా చెయ్యి చూస్తావేం? తడిమి చూడు. ఇక్కడ, ఈ చివర. ఒంటికాలిది మా అక్కది. తోక లేనిది నాది. నన్ను బుల్లెమ్మ అని పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదులే. ఎరుపు ఏదంటావా? అరవై ఏళ్ళు అంట్లు తోమిన చెయ్యి కదా, అరిగిపోయింది.

నేను పోయాక మీ అమ్మ దీన్ని దాచిపెట్టేస్తుంది. దానికీ మా నాయన మనసే. అప్పుడు నువ్వు చింతపండు తీసుకుని దాని పక్కన కూర్చో. దాని చేతి మీద నీ చెయ్యి వెయ్యి. ఏ రంగు కావాలో ఇప్పుడే చెప్పకు, ఆరోజు చెబుదువుగాని. చూశావా, పిట్టల పక్కన ఇంకా కాస్త చోటుంది.

కథ ఏమో కంచికి పోనీ,
కన్ను ఏమో నిద్రకి పోనీ,
పిట్టల పక్క ఖాళీ చోటు
నీకోసం అలాగే ఉండనీ.