కూర్మయ్య తాత చావు వార్త

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదర్రా. ఓ టేకు అడవిలో ఓ బడి ఉండేది. ఏంట్రా ఆ నవ్వు? జంతువులకి బడి ఉండకూడదా? మీకంటే శ్రద్ధగా చదువుకునేవి అవి!

ఆ బడికి మేష్టారు ఒక ముళ్ళపంది. పిల్లలు ఆయన్ని సూదుల మేష్టారు అనేవాళ్ళు. వారానికోసారి ఆయన పిల్లల చేత పత్రిక రాయించేవారు. పెద్ద టేకాకు మీద నేరేడు పళ్ళ రసంతో వార్తలు రాసి, బడి పక్కన బండకి అంటించేవారు. అడవంతా వచ్చి చదివేది. ఆ పత్రికలో తప్పు పడగా ఎవరూ చూడలేదు. ఎందుకంటే ప్రతి వార్తకీ మేష్టారు మూడు ప్రశ్నలు వేసేవారు. "వెళ్ళావా? చూశావా? అడిగావా?" మూడింటికీ అవునంటేనే వార్త ఆకెక్కేది.

బడిలో తురాయి అని ఒక ముంగిస పిల్ల ఉండేది. రాతలో దాన్ని మించినవాళ్ళు లేరు. ఒళ్ళు వంచడం మాత్రం దానికి చేతకాదు. ఆ ఏడు అందరికంటే బాగా రాసినవాళ్ళకి తన పొడుగాటి ముల్లు కలంగా ఇస్తానన్నారు మేష్టారు. ఆ కలం తనకే రావాలని తురాయి పట్టు పట్టింది.

ఎండాకాలం చివర తురాయి వార్తల కోసం వాగు దగ్గరికి వెళ్ళింది. అవతలి గట్టున కూర్మయ్య తాత కనిపించాడు. అడవిలో అందరికంటే పెద్ద తాబేలు ఆయన. సగం మట్టిలో కూరుకుపోయి ఉన్నాడు. డిప్ప మీద ఎండుటాకులు పేరుకున్నాయి.

"తాతా!" అని కేకేసింది తురాయి. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

చెట్టు మీద ఉన్న కాకి, "నెల రోజులుగా అంతే. అయిపోయుంటాడు," అంది.

వాగు నిండా బురద. దాటితే ఒళ్ళంతా పాడవుతుంది. పత్రికేమో మర్నాడే. 'కదలకపోతే పోయినట్టే కదా' అనుకుని తురాయి వెనక్కి తిరిగింది.

ఎంత బాగా రాసిందనుకున్నారు! తాత కళ్ళు ఎలా మూతపడ్డాయో రాసింది. ఆఖరి ఊపిరి ఎలా పోయిందో రాసింది. ఆయన అడవికి చెప్పిన చివరి మాటలు కూడా రాసేసింది!

"వెళ్ళావా?" అన్నారు మేష్టారు.

"వాగుకి వెళ్ళానండి."

"చూశావా?"

"చూశానండి."

"అడిగావా?"

"కాకిని అడిగానండి."

మేష్టారు కళ్ళు తుడుచుకుని, ముల్లు పీకి తురాయి చేతిలో పెట్టారు.

తాత పోలేదర్రా. ఎండలకి తట్టుకోలేక మొద్దునిద్ర పోయాడు. తాబేళ్ళకి అది అలవాటే. మొదటి వాన పడగానే లేచాడు. వాన తడికి అడవంతా తెల్లటి పొగమంచు. ఎక్కడా చప్పుడు లేదు.

జింకమ్మ ఎదురైంది. "బాగున్నావా?" అన్నాడు తాత. జింకమ్మ తన పిల్ల కళ్ళు మూసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

కుందేలు మామ ఒక ఆకులో దోసకాయ ముక్కలు పెట్టి దూరంగా జరిగాడు. తాత ఆబగా తిన్నాడు. "చూశారా, తిన్నాడు! తృప్తిపడి వెళ్ళిపోతాడులే," అని కుందేలు ఎవరితోనో గుసగుసలాడాడు.

తాత తన బొరియకి వెళ్ళాడు. అందులో ఉడుము కాపురం ఉంటోంది. ఉడుము వణుకుతూ చేతులు జోడించి, "నీ ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటాం నాయనా, శాంతించు," అంది.

తాతకి ఏమీ అర్థం కాలేదు. నడుస్తూ నడుస్తూ బండ దగ్గరికి వచ్చి పత్రిక చదివాడు. రెండోసారి చదివాడు. 'సూదుల మేష్టారి పత్రికలో తప్పు పడదే' అనుకున్నాడు. అక్కడే కూలబడి తల డిప్పలోకి లాక్కున్నాడు.

మూడు రోజుల తర్వాత పొద్దున్నే తురాయి తన వార్తని ఇంకోసారి చదువుకుందామని బండ దగ్గరికి వచ్చింది. మంచులో పక్కనున్న రాయి మాట్లాడింది.

"నువ్వే కదూ రాసింది? చాలా బాగా రాశావు తల్లీ."

తురాయి ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది రాయి కాదు, కూర్మయ్య తాత!

"పోయేటప్పుడు నాకు నొప్పి తెలిసిందా అమ్మా? నాకేమీ గుర్తు రావడం లేదు. నువ్వు చూశావు కదా, చెప్పవూ."

తురాయి రెండడుగులు వెనక్కి వేసింది.

"పోయినవాడికి తిండెందుకని మూడు రోజులుగా తినడం మానేశాను. అయినా ఆకలేస్తోంది. ఇదేం వింత?" అన్నాడు తాత. గొంతు పీలగా ఉంది.

ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే తాత నిజంగానే పోతాడు! తురాయి భోరుమంది. "నేను రాలేదు తాతా! బురదకి జడిసి ఇవతలే ఆగిపోయాను. అంతా కల్పించి రాశాను. నువ్వు బతికే ఉన్నావు!"

"అదీ నువ్వే చెప్పావు, ఇదీ నువ్వే చెబుతున్నావు. ఏది నమ్మను?"

తురాయి పరుగున వెళ్ళి మేష్టారితో జరిగిందంతా చెప్పేసింది. ఆయన ముఖం పాలిపోయింది. "పైపై జవాబులకి నేనూ మురిసిపోయాను. వెళ్ళు, ఈసారి ఆయన పక్కన కూర్చుని రాయి," అన్నారు.

తురాయి కూర్చుంది. చూసిందే రాసింది, రాసింది పైకి చదివింది. "డిప్ప కింద అంచున పాత పగులు ఉంది. ఎడమ కంట్లో పుసి ఉంది. కాలు ముట్టుకుంటే లోపలికి లాక్కున్నాడు. చెవి ఆనిస్తే ఊపిరి వినబడింది."

తర్వాత తాత తల మెల్లగా బయటికి వచ్చింది.

"ఆ పగులు చిన్నప్పుడు గట్టు మీంచి పడితే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు, దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలీదు. అయితే నేను బతికే ఉన్నాను! అమ్మాయ్, తినడానికేమన్నా తే."

కొత్త ఆకు బండకెక్కింది. జింకమ్మ పలకరించింది, ఉడుము ఇల్లు ఖాళీ చేసింది. కానీ అప్పటికే మొదటి వార్తని గోరింకలు కొండ అవతలి అడవికి మోసుకెళ్ళాయి. తురాయి బురదలో పడుతూ లేస్తూ అక్కడికీ రెండో ఆకు పట్టుకెళ్ళింది. వాళ్ళు చదివి పెదవి విరిచారు. "మేం ఏడ్చి ఏడ్చి చదివిన వార్త అబద్ధమా? ఈ చప్పటి రాత ఎవడు నమ్ముతాడు, పో!" అన్నారు. ఆ అడవిలో కూర్మయ్య తాత ఇప్పటికీ చచ్చిపోయే ఉన్నాడు. పాపం, ఆయన అటువైపు వెళ్ళడం మానేశాడు.

నీతి: చూడనిది చూసినట్టు రాయకండి. రాత ఎంత బాగుంటే, అందులోని అబద్ధం అంత దూరం పోతుంది.