అరుగులు లేని అంగడి

మణిగిరి పట్నాన్ని ఒకానొకప్పుడు జయకేతనుడనే రాజు ఏలేవాడు. మంచివాడే గాని దర్పం జాస్తి.

ఒకనాడు ఆయన ఊరి నడిబొడ్డున ఉన్న పెద్దంగడి వీధిలో ఊరేగుతుంటే, కొట్ల ముందు అరుగుల మీద కూర్చున్న జనం కబుర్లలో పడి లేవడం ఆలస్యం చేశారు. రాజుకు కోపం వచ్చింది.

"పని ఉన్నవాడు కొనుక్కుని పోవాలి. కూర్చోవడం సోమరుల లక్షణం. ఈ అరుగులన్నీ కొట్టేయండి" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి వీధి బోసిపోయింది. సగం కొట్లకు తాళాలు పడ్డాయి. రాజు రాళ్ళు పరిపించాడు, తోరణాలు కట్టించాడు. అయినా జనం రాలేదు. విసిగిపోయి, "వచ్చే పున్నమికి వీధి పడగొట్టి ఏనుగుల శాల కట్టండి" అని ఆజ్ఞాపించాడు.

ఆ వీధిలో గాజులమ్మే కోనమ్మ ఏడుస్తూ రాజుగారి ఆస్థాన విదూషకుడు విస్సప్ప ఇంటికి వచ్చింది.

"మా ఆయన పోయాక ఆ కొట్టే నాకు కూడు పెట్టింది బాబూ. ఇక ఎక్కడికి పోను?"

"జనం ఎందుకు రావడం లేదు కోనమ్మత్తా?"

"గాజులు తొడిగించుకోవాలంటే కూర్చోవద్దూ? చంకన పిల్లతో ఎంతసేపని నిలబడతారు?"

విస్సప్ప కాసేపు ఆలోచించి, "నువ్వు ఇంటికి వెళ్ళు. రేపు చూద్దాం" అన్నాడు.

మర్నాడు రాజుగారి పుట్టినరోజు. ఆయన కొలువుకు వచ్చేసరికి సింహాసనం తప్ప ఒక్క ఆసనమూ లేదు. అందరూ నిలబడి ఉన్నారు.

"ఇదేమిటి?" అన్నాడు రాజు.

"నేనే తీయించాను ప్రభూ. కూర్చోవడం సోమరుల లక్షణమని తమరే సెలవిచ్చారు. అంగడికి మంచిదైనది సభకు మరీ మంచిది కదా" అన్నాడు విస్సప్ప.

తానన్న మాటను తానే కాదనలేక రాజు, "సరే, కానివ్వండి" అన్నాడు.

రాజుగారి మీద నూరు పద్యాలు రాసుకొచ్చిన కవి, పిక్కలు లాగుతుంటే మూడు చదివి, "తక్కినవీ ఇలాగే బాగుంటాయి" అని దీవించి వెళ్ళిపోయాడు. పొరుగు రాజుల దూతలు కానుకలు చేతిలో పెట్టి సెలవు తీసుకున్నారు. జాము గడవకముందే సభ ఖాళీ అయింది.

"పద్యాల్లో నా దండయాత్ర ఘట్టం రానే లేదే" అన్నాడు రాజు చిన్నబోయి. "నా సభకు ఏమైంది విస్సప్పా?"

"పెద్దంగడి వీధికి ఏమైందో అదే అయింది ప్రభూ."

రాజు ముఖం ఎర్రబడింది. ద్వారం దగ్గర భటులు విస్సప్ప పని అయిపోయిందనుకున్నారు. కాసేపటికి రాజు ఖాళీ సభను ఒకసారి కలయజూసి, పకపకా నవ్వాడు.

"వీధి జోలికి పోవద్దు. నా ఖర్చుతో అరుగులన్నీ మళ్ళీ కట్టించండి" అని ఆజ్ఞాపించి, "నీకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ముందు కూర్చోనివ్వండి ప్రభూ. తెల్లవారినప్పటి నుంచి నిలబడే ఉన్నాను."

రాజు మరింత నవ్వి, తన మెడలోని ముత్యాలహారం అతనికి వేసి, సింహాసనం మెట్టు మీద కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రం చాటింపు విని కోనమ్మ కొట్టు గుమ్మంలో చతికిలబడి, "అమ్మయ్య" అంది. తాపీవాళ్ళు ఆమె అరుగు ఇంకా పూర్తి చేయకముందే, ముగ్గురు ఆడవాళ్ళు పిల్లల్ని దించి, తడి ఆరిన కాస్త మేరలో సర్దుకుని కూర్చుని, చేతులు చాపారు.