మద్దిలేటి మ్యాగజైన్లు

మూడో మ్యాగజైన్ ఎక్కడ పెట్టుకోవాలో మద్దిలేటికి తోచడం లేదు.

అతను గన్‌మ్యాన్. వసుమతి టీచర్‌కి కాపలా. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఒక పొద్దున బస్సులో బడికి పోతూ, పత్తి మార్కెట్ దగ్గర ఒక మనిషిని నరికి చంపడం కళ్ళారా చూసింది. చూసింది చూసినట్టు స్టేషన్లో చెప్పింది. కోర్టులో కూడా చెబుతానంది. అప్పటినుంచి ఆవిడ ఇంటి గేటు ముందుకు వచ్చేసరికి కొన్ని మోటార్ సైకిళ్ళు నెమ్మదించడం మొదలుపెట్టాయి. ఒక సాయంత్రం ఎవరో గోడ మీదనుంచి వేటకొడవలి విసిరి పోయారు. ఆవిడకు తగల్లేదు. బట్టలారేసే తీగ తెగింది. ఆ తర్వాత మద్దిలేటిని పంపారు.

పంపేటప్పుడు పైఅధికారి ఒకటే చెప్పాడు. "సఫారీ వద్దు, బూట్లు వద్దు. నువ్వు పోలీసువని ఎవరికీ తెలియకూడదు. ఆమె తమ్ముడు మాదిరి వెంట ఉండు."

వదులు చొక్కా కింద, నడుముకు కుడి పక్కన పిస్తోలు. దాని పిడిలో ఒక మ్యాగజైన్. అంటే, తూటాలు వరసగా పేర్చి పెట్టే సన్నటి ఇనుప డబ్బీ. అది ఖాళీ అయితే తీసేసి మార్చుకోవడానికి ఎడమ పక్కన ఇంకొకటి. ఏ గన్‌మ్యాన్‌కైనా ఇచ్చేది అంతే.

మద్దిలేటికి అది చాల్లేదు.

అతని బ్యాచ్‌లో వాడు, ఒకే గదిలో ఉన్నవాడు, ఓబులేసు అని ఒకడు ఉండేవాడు. ముందటేడు డ్యూటీలోనే చనిపోయాడు. పడిపోయిన చోట పిస్తోలు ఖాళీగా ఉందనీ, మార్చిన మ్యాగజైన్ కూడా ఖాళీయేననీ అందరూ చెప్పుకున్నారు. పాడె మోసినవాళ్ళలో మద్దిలేటి ఒకడు. ఆ రోజునుంచి అతని మనసులో ఒకటే మాట తిరుగుతోంది. అయిపోతే ఎట్ల?

కాళ్ళావేళ్ళా పడి ఇంకో రెండు మ్యాగజైన్లు ఇప్పించుకున్నాడు. ఒకటి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. ఇంకొకటి పెట్టడానికి చోటు లేక, సాక్సులో దోపి పైన రబ్బరు పట్టీ వేశాడు.

ఆ బరువుకు ప్యాంటు జారుతుంది. ఒక చేత్తో దాన్ని పైకి లాక్కుంటూ నడుస్తాడు. నాలుగడుగులకోసారి ఎడమ నడుము తడుముకుంటాడు. తర్వాత జేబు తడుముకుంటాడు. తర్వాత వంగి చీలమండ తడుముకుంటాడు.

"దోమలా?" అని మొదట్లో టీచర్ అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

తోటి టీచరు కూతురి పెళ్ళిలో భోజనాల బంతిలో కూర్చున్నారు. మద్దిలేటి కాళ్ళు మడిచేసరికి రబ్బరు పట్టీ తెగింది. మ్యాగజైన్ సాక్సులోంచి జారి, గచ్చు మీద టకటకమంటూ పోయి, ఎదుటి వరసలో ఒక పెద్దాయన విస్తరికి తగిలి ఆగింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సాంబారు బకెట్టుతో వస్తున్న మనిషి ఉన్నచోటనే నిలబడిపోయాడు. పెళ్ళికూతురి తల్లి వచ్చి టీచర్‌ని పక్కకు పిలిచింది. అన్నం తిన్నాక వెంటనే వెళ్ళిపోతే బాగుంటుందని ఎంతో మర్యాదగా చెప్పింది.

ఆటోలో టీచర్ ఒక్కసారిగా మొదలుపెట్టింది.

"తమ్ముడు మాదిరి ఉండమన్నారు గదా నిన్ను. ఏ తమ్ముడు సాక్సులో బుల్లెట్లు పెట్టుకుని పెళ్ళికి వస్తాడు నాయనా?"

"అయిపోతే ఎట్ల మేడమ్?"

"ఏం అయిపోతే?"

"రౌండ్లు."

టీచర్ కళ్ళు మూసుకుంది. "ఎల్లుండి నేను కోర్టులో నిలబడాల. నా భయం నాకుంది. నీ భయం కూడా నేనే మోయాలంటే నా వల్ల కాదు. నీకు తుపాకి నేర్పినాయన ఎవరో ఉన్నాడంటివే, ఉస్తాద్ అని. రేపు నన్ను ఆయన దగ్గరికి తీసుకపో. ఆయనే చెప్తాడు నీకు. నా చెవులు పనికిరాకుండా పోయినాయి."

మద్దిలేటికి మనసులో సంతోషమే అయింది. మూడో మ్యాగజైన్ సంగతి ఉస్తాద్‌కు తప్ప ఎవరికి తెలుస్తుంది?

ఉస్తాద్ పేరు మౌలాలి. రిటైరై చాలాకాలమైంది. ఆ జిల్లాలో పిస్తోలు పట్టిన పోలీసుల్లో సగం మంది ఆయన చేతిలో తిట్లు తిన్నవాళ్ళే. మరునాడు సాయంత్రం వీళ్ళు వెళ్ళేసరికి, ఆయనా ఆయన భార్య కుల్సుంబీ నడవలో చాప మీద చింతపండు పిక్కలు తీస్తున్నారు. నడవకు ముందు వీధి తలుపు. వెనక వంటిల్లు, దాని పెరటి తలుపు వెనక సందులోకి తెరుచుకుంటుంది.

టీచర్‌కి వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేశారు. మద్దిలేటి సలాం చేసి చాప అంచున కూర్చున్నాడు. కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"ఉస్తాద్, నడుముకు ఒకటి సరే. జేబులోది కూడా సరే. మూడోదే ఇబ్బంది పెడుతోంది. సాక్సులో నిలవడం లేదు. వీపు వెనక పెడితే కూర్చోలేను. చంక కింద తోలు పట్టీ కుట్టించుకుంటే ఎట్లుంటుంది?"

ఉస్తాద్ చింతపండులోంచి తల ఎత్తలేదు. "రెండోది ఎందుకు?"

"అయిపోతే ఎట్ల ఉస్తాద్?"

"మూడోది?"

"అదీ అయిపోతే?"

ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. కుర్చీలో ఉన్న టీచర్ వైపు చూశాడు. ఆవిడ, చూశారా అన్నట్టు తల ఊపింది.

"సరే, అన్నీ తీయి. ఇక్కడ పెట్టు. పిస్తోల్లోది కూడా తీసి రౌండ్లన్నీ బయట పొయ్యి. ముందు తుడువు. చెమట పట్టి ఎట్లున్నాయో చూద్దాం," అని ఒక పాత గుడ్డ ముందుకు తోశాడు.

మద్దిలేటి హుషారుగా అన్నీ బయటికి తీశాడు. పిస్తోలు ఖాళీ చేసి పక్కన పెట్టాడు. ఒక్కో మ్యాగజైన్‌లోంచి బొటనవేలితో తూటాలు జారుస్తూ, ఒక్కోదాన్ని తుడిచి గుడ్డ మీద నిలబెడుతున్నాడు. వాటిమీదనుంచి కళ్ళు తిప్పలేదు.

ఉస్తాద్ భార్య వైపు చూసి, గడ్డంతో వంటింటి వైపు సైగ చేశాడు.

కుల్సుంబీ లేచింది. వెళ్ళి టీచర్ భుజం మీద చెయ్యి వేసింది. టీచర్ ఏదో అనబోతే, పెదాల మీద వేలు పెట్టి, చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. పెరటి తలుపు గడియ తీసిన చప్పుడైంది. మళ్ళీ మూసిన చప్పుడైంది.

"జేబులో దానితో పాటు ఇంకేం పెడతావు?" అన్నాడు ఉస్తాద్.

"తాళంచెవులు ఉస్తాద్. అప్పుడప్పుడు బఠానీలు."

"బఠానీలు."

"పొట్టు మ్యాగజైన్ లోపలికి పోతుందేమోనని దులుపుతానే ఉంటా."

ఉస్తాద్ గట్టిగా ఊపిరి వదిలాడు. "కుడి చెయ్యి పిస్తోలు మీద ఉంటే, సాక్సులోది ఏ చేత్తో తీస్తావు?"

"ఎడమ చేత్తో. వంగి."

"వంగినప్పుడు యాడ చూస్తావు?"

"సాక్సు వైపు."

"అట్లనా."

మద్దిలేటి తుడుస్తూనే ఉన్నాడు. చంక కింద పట్టీ గురించి, అది కుట్టే మనిషి గురించి, ఏ తోలు మెత్తగా ఉంటుందో దాని గురించి చెప్పుకుంటూ పోయాడు. ఉస్తాద్ ఇంకొన్ని పిక్కలు తీశాడు. తర్వాత చింతపండు పళ్ళెం పక్కకు జరిపి, "బాగా చూసుకో రా. ఏమన్నా తగ్గిందా?" అని అడిగాడు.

మద్దిలేటి వేలితో తూటాలన్నీ వరసగా తాకుతూ చూసుకున్నాడు. "లేదు ఉస్తాద్. అన్నీ ఉండాయి."

"ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూసుకున్నాడు. "అన్నీ సరిగ్గా ఉండాయి ఉస్తాద్."

ఉస్తాద్ అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

మద్దిలేటి నవ్వాడు. ఉస్తాద్ తన పక్షానికి వచ్చాడనుకున్నాడు. "చూసినారా మేడమ్, ఉస్తాద్ కూడా..." అంటూ వెనక్కి తిరిగాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద టీచర్ చేతిసంచి మాత్రం ఉంది.

"మేడమ్ యాడ?"

ఉస్తాద్ చింతపండు పళ్ళెం మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

"ఉస్తాద్, మేడమ్ యాడికి పోయింది?"

"నన్ను అడుగుతావేంది? కాపలా ఎవరు, నువ్వా నేనా?"

మద్దిలేటి లేచాడు. కాలు తగిలి తూటాలు నడవంతా దొర్లాయి. వంటింట్లోకి పరిగెత్తాడు. ఎవరూ లేరు. పెరట్లో ఎవరూ లేరు. తలుపు లాగి సందులో పడ్డాడు. కొంతదూరం పోయాక నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. అక్కడ ఏమీ లేదు. పిస్తోలు చాప మీదే ఉండిపోయింది. వెనక్కి పోవడానికి మనసొప్పలేదు. అట్లాగే ముందుకు పోయాడు.

సందు సన్నగా, వంకరగా ఉంది. ఒక గుమ్మంలో ముసలామె రొట్టెలు తడుతోంది. ఆమె చేతులు చూశాడు. గోడకు ఆనించిన మోటార్ సైకిల్ ఉంది. దాని ఇంజను మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. పంక్చర్ల షాపు ముందు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, వాళ్ళలో ఒకడి చెయ్యి వెనక్కి ఉంది. మద్దిలేటి పక్కకు వచ్చి ఆ చేతిలో ఏముందో చూశాడు. టీ గ్లాసు. ఎర్ర చొక్కావాడు ఒకడు గబగబా మలుపు తిరిగాడు. మద్దిలేటి వెంటపడ్డాడు.

మలుపులో బజ్జీల బండి ఉంది. బండి దగ్గర కుల్సుంబీ, ఆమె పక్కన వసుమతి టీచర్ నిలబడి ఉన్నారు. టీచర్ చేతిలో కాగితం, కాగితంలో మిరపకాయ బజ్జీ. ఎర్ర చొక్కావాడు రెండు బజ్జీలు కట్టించుకుని తన దారిన పోయాడు.

మద్దిలేటి బండిని పట్టుకుని నిలబడ్డాడు.

టీచర్ చిరాగ్గా ఏదో అనబోయింది. అతని మొహం చూసి ఆగిపోయింది. బజ్జీ కాగితం అతని ముందుకు చాపింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు. ఆవిడ తినడం అయ్యేదాకా ఆవిడకు వీపు పెట్టి, సందులోకి వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూస్తూ నిలబడ్డాడు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ తూటాలన్నీ ఏరి, మ్యాగజైన్లు నింపి పెట్టి ఉన్నాడు. ఒకటి పిస్తోల్లో పెట్టి ఇచ్చాడు. ఇంకొకటి చేతికిచ్చాడు.

మద్దిలేటి దాన్ని చూస్తూ, "ఇది మాత్రం ఎందుకు ఉస్తాద్?" అన్నాడు.

"ఇనుము గదా. అదొకటి మొరాయిస్తే ఇంకొకటి ఉండాల. అంతకు మించి ఏం లేదు. బఠానీలతో కలపాకు."

తక్కిన రెండూ ఒక గుడ్డసంచిలో వేసి ముడివేశాడు. "రేపు పొద్దున్నే ఇవి తెచ్చుకున్నచోట ఇచ్చేసి రా."

మద్దిలేటి సంచి తీసుకున్నాడు గానీ కదల్లేదు. తల వంచుకుని, "ఓబులేసు దగ్గర అయిపోయినాయి ఉస్తాద్," అన్నాడు.

కుల్సుంబీ చింతపండు పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"అయిపోయినాయి," అన్నాడు ఉస్తాద్. "అందరూ అదే చెప్తారు. వాడు కాపలా కాసిన మనిషి ఇప్పటికీ బతికే ఉన్నాడు. నీకు ఎవరన్నా చెప్పినారా ఆ మాట?"

మద్దిలేటి చెప్పలేదన్నట్టు తల ఊపాడు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తనూ ఎవరినీ అడగలేదు.

మరునాడు వసుమతి టీచర్ కోర్టులో నిలబడింది. అవతలి లాయరు అటు తిప్పి ఇటు తిప్పి అడిగాడు. కళ్ళద్దాల నంబరు అడిగాడు, బస్సు ఎంత వేగంతో పోతోందని అడిగాడు. ఆవిడ బోర్డు మీద లెక్క చేసినట్టు ఒక్కొక్కటే చెప్పింది. మాట మార్చలేదు.

బయటికి వచ్చాక ఆవిడకు ఎవరితోనైనా ఒక మాట మాట్లాడాలనిపించింది.

"ఎట్ల చెప్పినా, మద్దిలేటీ?"

మెట్ల కింద ఒక మనిషి రెండు చేతులూ తువ్వాలు కింద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మద్దిలేటి అతన్ని చూస్తూనే మెల్లగా ఒక మెట్టు దిగి, ఆవిడకు ముందు వచ్చాడు.

"నిన్నే అడిగేది. బాగా చెప్పినానా, లేదా?"

అతను వెనక్కి తిరక్కుండానే, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. కింద మనిషి తువ్వాలు దులిపి మొహం తుడుచుకున్నాడు. చంకలో కాగితాల కట్ట సర్దుకుని, ఇద్దరి పక్కనుంచీ మెట్లెక్కి లోపలికి పోయాడు. మద్దిలేటి చెయ్యి దించాడు. నడవొచ్చన్నట్టు పక్కకు తప్పుకున్నాడు.

ఇంటికి చేరేదాకా అదే వరస. ఆటో ఎక్కేముందు డ్రైవర్ మొహం చూశాడు. గేటు తెరిచేముందు గోడ అవతల చూశాడు. ఆవిడ అన్నదానికి ఊ అనలేదు, ఆ అనలేదు.

సాయంత్రం టీచర్ ఉస్తాద్‌కు ఫోన్ చేసింది.

"ఏం చేసి పంపినారు సార్ మీరు? మొన్నటిదాకా వాని నోరు మూతపడేది కాదు. ఇప్పుడేమో మూడుసార్లు పిలిస్తే ఒక్కసారి కూడా పలకడు. రాయి మాదిరి నిలబడతాడు. ఇట్లయితే నేను వేగేదెట్ల?"

ఉస్తాద్ విసుగ్గా నిట్టూర్చిన చప్పుడు ఫోన్‌లో వినపడింది.

"కబుర్లు చెప్పేవాడు కావాలంటే వేరే మనిషిని చూసుకోండి, టీచరమ్మా," అని పెట్టేశాడు.