ఎడమచేతి కోత

అంకమ్మకు ఈరమ్మవ్వ మీద కోపం వచ్చింది. ఆకూ వేరూ గుర్తుపట్టడం నేర్పిన గురువు మీద కోపం తెచ్చుకోకూడదని ఆమెకు తెలుసు. అయినా వచ్చింది.

రాకేం చేస్తుంది? తేనెకు పోయిన మొగుడు దంసయ్యను ఎలుగుబంటి పట్టి పిక్క చీల్చింది. పుండు చీము పట్టి, వాపు మోకాలి దాకా ఎక్కింది. ఆ కాలు పోతే ఇక కొండ అంచున తాడు పట్టుకుని దిగడం ఉండదు, వాళ్ల ఇంట్లో తేనె ఉండదు. అవ్వేమో గోరంత తీగవేరు నూరి పూసి, "చూద్దాంలే బిడ్డా" అంటుంది.

"ఇంత మనిషికి అంత మందేంది అవ్వా? ఆ తీగ ఏడుందో చూపెట్టు. నేనే తవ్వుకొస్తా."

ఆ తీగకు పేరుంది. కానీ ఈరమ్మవ్వ ఇంట్లో మందుతీగ పేరు పైకి అనరు. వింటే అది దాక్కుంటుందని వాళ్ల భయం.

అవ్వ కాదనలేదు. తెల్లారగానే కర్ర పట్టుకుని నల్లమల లోపలికి దారి తీసింది. వెనకాల అంకమ్మ, చంకన గంప, భుజాన గునపం.

అవ్వ గంపను చూసి నవ్వింది. "మొగుడి కాలికి మందా, పొయ్యిలోకి కట్టెలా?"

అంకమ్మ గంపను ఇంకో చంకకు మార్చుకుంది.

వాగు దాటాక, రాతిసందులో ఒక తీగ పక్కన అవ్వ కూలబడింది. చూడబోతే దానిలో ఏమీ లేదు. ఎండిన నులకతాడులా ఉంది. చుట్టుపక్కల అలాంటిది మరొకటి కనపడలేదు.

"గునపం వద్దు, చేత్తో తవ్వు. అంతా కావాలంటే అంతా తీసుకో. నేనేమీ అనను." నడుముకున్న చిన్న కత్తి తీసి అంకమ్మ ముందు పెట్టింది.

అంకమ్మ తవ్వింది. మోచేతుల దాకా మట్టిలోకి పోయాక వేరు తగిలింది. పైన తీగ అంత సన్నం, కింద వేరు ఆమె తొడంత లావు. ఆశగా మట్టి తుడవసాగింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

వేరు ఒంటినిండా మచ్చలు. పాత కోతలు. ఒక్కొక్కటీ అంచులు దగ్గరికొచ్చి, తోలు కమ్ముకుని, నున్నగా మానిపోయి ఉంది.

ఇంకా మానుతున్న ఒకదాన్ని అవ్వ చూపించింది. "ఇది నాది. నీ మొగుడికి తీసింది. ఆ వంకర కోత మా అమ్మది. ఆమెది ఎడమచెయ్యి వాటం."

అంకమ్మ ఆ వంకర మీద వేలు పెట్టింది. తాను పుట్టకముందే పోయిన మనిషి. ఇక్కడే, ఇలాగే మోకాళ్ల మీద వంగి ఉంటుంది.

"దాని కిందివి?"

"నాకు తెలవదు. మా అమ్మకూ తెలవదు."

వేలు ఇంకా కిందికి పోయింది. మచ్చ కింద మచ్చ. కంటికి కనపడని చోట కూడా చేతికి తగులుతూనే ఉన్నాయి. అన్నిటికన్నా లోతున ఉన్నది కత్తి కోతలా లేదు. పదునైన రాయితో కొట్టి తీసినట్టు గరుకుగా ఉంది. ఎవరి మొగుడి కోసమో. ఎవరి బిడ్డ కోసమో.

చాలాసేపు ఆమె కత్తి ఎత్తలేదు. ఎత్తాక, వేరుకు ఓ పక్కగా, మచ్చలేని చోటు వెతికి, బొటనవేలంత ముక్క కోసింది. తెల్లగా పాలు చిప్పిల్లాయి.

"సరిపోతదా అవ్వా?" గొంతులో ఇప్పుడు కోపం లేదు.

"కాలికి సరిపోతది."

సరిపోయింది కూడా. వానలు వెళ్లాక దంసయ్య కుంటుకుంటూనే మళ్లీ తేనెకు పోయాడు. అది తర్వాతి మాట. అప్పటికి మాత్రం అంకమ్మ ఆ ముక్కను దోసిట్లో పట్టుకుని, గుంటలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంటికి పోవాలన్న తొందర కూడా మరిచిపోయింది.

అవ్వ ఆమె వీపు మీద మెల్లగా తట్టింది.

"మట్టి కప్పు బిడ్డా. గాలి తగిలితే పుండు మానదు."